చీపురు ఎవరిది?

(మా వీధి ముచ్చట్లు – 14వ భాగం)

పోయిన భాగంలో శ్మశానం దారి గొడవ సగంలో ఆపాను. ఈ వారం మిగతాది రాస్తానన్నాను. రాయలేకపోతున్నాను, క్షమించండి. గురువారం రాత్రి మా వీధి చెల్లెలు ఒకామె ఒక కాగితం ఫొటో పంపింది. అప్పట్నుంచి బుర్రలో వేరే ఏదీ దూరడం లేదు.

ఆ అమ్మాయి ఒక ప్రైవేటు సంస్థలో హౌస్‌కీపింగ్ చేస్తుంది. నాలుగేళ్లు దాటింది. ఆమె పేరు రాయను, సంస్థ పేరూ రాయను, ఆమె ఇంకా అక్కడే పని చేసుకోవాలి. నూరు రూపాయల స్టాంపు పేపరు, దాని వెనక ఇంగ్లీషులో మూడు పేజీలు. నాకు అర్థమైన సారం ఇది. ఆమె "స్వతంత్ర కాంట్రాక్టరు" అట. సంస్థకు శుభ్రపరిచే "సేవలు" తన ఇష్టపూర్వకంగా అందిస్తోందట. ఆమెకూ సంస్థకూ మధ్య యజమాని–ఉద్యోగి సంబంధం లేదట. పీఎఫ్, ఈఎస్ఐ, గ్రాట్యుటీ, జీతంతో సెలవు ఎప్పటికీ అడగదట. కింద సంతకానికి ఖాళీ.

"సంతకం ఎట్టకపోతే సోమారం నుంచి రావద్దంటన్నారు. ఎట్టీమంటావా అన్నా?"

అదే రోజు మన గ్రూపుల్లో ఇంకో సంబరం తిరుగుతోంది. నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, ఇక ప్రతి కార్మికుడికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాల్సిందే, ముఖ్యమైన పనుల్లో కాంట్రాక్టు పద్ధతి రద్దు అని. మన కుర్రాళ్లు కూడా పార్వర్డ్ చేస్తున్నారు, నీలం జెండా బొమ్మ పెట్టి మరీ. ఒక చేత్తో ఆ మెసేజీ, ఇంకో చేత్తో ఈ స్టాంపు పేపరు. రెండూ పక్కపక్కన పెట్టుకుని రాస్తున్నాను. నేను లాయర్ని కాదు. కానీ ఈ కాగితం నాకు కొత్త కాదు. ఇలాంటిదే మా అమ్మ వేలిముద్రతో ఒకటి మా ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంది.

1996లో మా అమ్మ ఒక ఆఫీసులో ఊడవడానికి కుదిరింది. ప్రభుత్వానిదా, సంఘానిదా, అది కూడా చెప్పను. నెలకు 300. పొద్దున్న ఆరింటికి తాళం తీసేది, సాయంత్రం తాళం వేసేది. మధ్యలో నీళ్లు పట్టడం, టీ తేవడం, మరుగుదొడ్డి కడగడం. పాతిక మంది బాబులున్న ఆఫీసు అది. హాజరు పుస్తకంలో ఆమె పేరు లేదు. మరి జీతం ఏ లెక్కలో ఇస్తారు? ఆడిట్‌కి వోచరు కావాలి గదా. అందుకని ప్రతి ఏడాదీ "శుభ్రపరుచు పని"కి కొటేషన్లు పిలిచేవారు. మూడు కొటేషన్లు. ఒకటి మా అమ్మది. మిగతా రెండు ఎవరివో మా అమ్మకి తెలీదు, నాకు ఈరోజుకీ తెలీదు. అన్నిటికన్నా తక్కువ రేటు మా అమ్మదే అయ్యేది. చదువు రాని మా అమ్మ ఇరవయ్యొక్క టెండర్లు గెలిచింది, మీరు నమ్మాలి.

ఒకసారి హెడ్డు గుమస్తాని అడిగింది. నన్ను పర్మనెంటు సేయరా బాబుగారూ అని. ఆయన నవ్వి, "నువ్వు పనిమనిషివి కాదే, కాంట్రాక్టరువి. సీపురు నీదే గదా?" అన్నాడట.

ఇంటికొచ్చి మాకు చెప్పింది. "నిజివే గదేటి, సీపురు నానే కొంటన్నాను గదా" అంది. ఆయన చెప్పిందాంట్లో ఆమెకు తప్పేం కనబళ్లేదు. కొబ్బరి ఈనెలు ఏరుకొచ్చి ఆ చీపురు కట్టుకున్నది ఆమే. ఫినాయిలు మాత్రం ఆఫీసుది.

2017లో ఏజెన్సీ వచ్చింది. ఏజెన్సీ వాళ్లకి వయసు తక్కువ ఉన్నవాళ్లు కావాలి. ఒక శనివారం చెప్పారు, సోమవారం నుంచి రానక్కర్లేదని. అప్పటికి ఆమె నెల జీతం 4,000. గ్రాట్యుటీ చట్టం లెక్క వేస్తే, నెల జీతాన్ని 26తో భాగించి, 15తో హెచ్చవేసి, మళ్లీ 21 ఏళ్లతో హెచ్చవేస్తే 48,461 రూపాయలు. ఆమె చేతికి వచ్చింది ఒక చీర. నేను అప్పటికే మీటింగుల్లో మైకు పట్టుకుని మాట్లాడేవాణ్ణి. మా ఇంట్లో జరుగుతున్నది చట్టం పేరు పెట్టి అడగొచ్చని నాకే తెలియలేదు. ఆ సిగ్గు ఉంది నాకు. అందుకే ఈ భాగం కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

ఇప్పుడు హెడ్డు గుమస్తా ప్రశ్నకి వద్దాం. చీపురు ఎవరిది?

నవ్వులాటకి అడిగాడు గానీ, న్యాయశాస్త్రంలో అది నిజమైన ప్రశ్నే. ఒక మనిషి ఉద్యోగా, స్వతంత్ర కాంట్రాక్టరా తేల్చడానికి కోర్టులు చూసేవాటిలో పనిముట్లు ఎవరివి అనేది ఒకటి. 1973లో సుప్రీంకోర్టుకి సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు వెళ్లింది. మన ఉమ్మడి రాష్ట్రంలోనే, తెలంగాణ ప్రాంత షాపుల చట్టం కింద నడిచిన కేసు. షాపులో కూర్చుని కుట్టే దర్జీలకు కుట్టిన బట్టకు ఇంత అని ఇస్తారు. పని ఉంటే వస్తారు, లేకపోతే రారు. కొందరు వేరే చోట కూడా కుట్టుకుంటారు. వీళ్లు మా ఉద్యోగులు కారని షాపు వాదించింది. ఉద్యోగులేనంది కోర్టు. మిషన్లు షాపువి, కూర్చునే చోటు షాపుది, కుట్టు బాగాలేదని తిప్పికొట్టే అధికారం షాపుది అని చూసింది. పీస్ రేటు ఇచ్చినంత మాత్రాన కాంట్రాక్టరు అయిపోడంది.

అయితే పనిముట్టు ఒక్కటే కొలత కాదు, ఇది గుర్తుంచుకోండి. మేస్త్రీ తాపీ తనదే, మంగలి కత్తి తనదే. పని ఎప్పుడు చెయ్యాలో, ఎలా చెయ్యాలో ఎవరు చెప్తున్నారు? నువ్వు రాలేకపోతే నీ బదులు ఇంకొకర్ని పంపే స్వేచ్ఛ నీకుందా? లాభం వచ్చినా నష్టం వచ్చినా నీదేనా? ఎవరి వ్యాపారం నడవడానికి నీ చెమట పోతోంది? 1978లో హుస్సేన్‌భాయ్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఈ చివరి ప్రశ్ననే పట్టుకున్నారు. కేరళలో తాళ్లు పేనే కార్మికులు, మధ్యలో కాంట్రాక్టర్లు. మధ్యవాళ్ల తెర పక్కకి తీసి చూడండి, ఎవరి వ్యాపారం కోసం ఆ శ్రమ జరుగుతోందో, ఎవరి చేతిలో వాళ్ల బతుకు ఉందో వాడే యజమాని అన్నారు.

మా అమ్మని ఈ ప్రశ్నలు అడగండి. ఆరింటికి రమ్మన్నది ఆఫీసు. జ్వరమొచ్చి మా అప్పని పంపితే "నువ్వే రా" అని వెనక్కి పంపింది ఆఫీసు. ఇరవయ్యొక్క ఏళ్లలో ఆమె చూసిన లాభం లేదు. ఒక్క చీపురు పుల్ల పట్టుకుని ఆమెని వ్యాపారస్తురాల్ని చేసేశారు. ఇక మా చెల్లెలి విషయంలో చీపురు కూడా ఆమెది కాదు. మాప్ సంస్థది, యూనిఫాం సంస్థది, వేలిముద్ర మిషను సంస్థది. ఎవరు ఏ ఫ్లోరు తుడవాలో పొద్దున్నే సూపర్‌వైజరు వాట్సాప్ గ్రూపులో పెడతాడు. స్వతంత్ర కాంట్రాక్టరు బాత్రూముకి వెళ్లాలన్నా సూపర్‌వైజరుకి చెప్పి వెళ్లాలి!

మరి చట్టం ఇంత స్పష్టంగా ఉంటే మనమెందుకు ఓడిపోతున్నాం?

ఎందుకంటే ఇంకో చోట, మనం చూడని చోట, చీపురుని పని లెక్కలోంచే తీసేశారు. అది ఎలా జరిగిందో తేదీలతో చెప్తాను.

1970లో కాంట్రాక్టు లేబర్ చట్టం వచ్చింది. ఒక పని ఏడాది పొడుగునా ఉండేదైతే, సంస్థకు అవసరమైనదైతే, అందులో కాంట్రాక్టు పద్ధతిని ప్రభుత్వం నిషేధించొచ్చు అంది 10వ సెక్షన్. ఊడవడం కన్నా ఏడాది పొడుగునా ఉండే పని ఏముంది? దుమ్ముకి సెలవులుంటాయా? 1976 డిసెంబరు 9న కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. కేంద్రం పరిధిలోని సంస్థల భవనాల్లో ఊడ్చడం, కడగడం, దుమ్ము దులపడం, కాపలా కాయడం, వీటికి కాంట్రాక్టు కూలీలను పెట్టకూడదు. దాని మీద పోరాడి పోరాడి 1996 డిసెంబరులో ఎయిర్ ఇండియా కార్మికులు గెలిచారు. నిషేధం ఉన్న చోట కాంట్రాక్టరు పోతే కార్మికుడు నేరుగా ఆ సంస్థ ఉద్యోగి అవుతాడు అంది సుప్రీంకోర్టు. ఆ తీర్పు రాసింది జస్టిస్ కె. రామస్వామి. మన తెలుగు నేల నుంచి, మన అంటరాని వాడల నుంచి ఆ బెంచీ మీదికి వెళ్లిన మనిషి. మా అమ్మ మొదటి కొటేషన్ మీద వేలిముద్ర వేసింది కూడా ఆ ఏడాదే.

ఆ గెలుపు అయిదేళ్లు కూడా నిలవలేదు. 2001 ఆగస్టు 30న సెయిల్ కేసులో అయిదుగురు జడ్జిల బెంచీ దాన్ని కొట్టేసింది. నిషేధం ఉన్నా ఉద్యోగం దానంతట అది రాదంది. కాంట్రాక్టు ఉత్త బూటకం అని కార్మికుడు ట్రిబ్యునల్‌కి వెళ్లి రుజువు చేసుకుంటేనే వస్తుందంది. 1976 నోటిఫికేషన్ కూడా పోయింది.

తర్వాత వచ్చిందే అసలు దెబ్బ. అది ఢిల్లీ నుంచి రాలేదు, హైదరాబాద్ నుంచి వచ్చింది. 2003లో మన ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 1970 చట్టానికి ఒక సవరణ చేసింది. "కోర్ యాక్టివిటీ" అని కొత్త మాట తెచ్చారు. అంటే సంస్థ దేనికోసం పుట్టిందో ఆ అసలు పని. అసలు పనిలో కాంట్రాక్టు కూలీ నిషేధం. చప్పట్లు కొట్టేలోపు కింద జాబితా చదవాలి. ఇవి మాత్రం అసలు పని కావు: కాపలా, క్యాంటీను, బరువులెత్తడం దించడం, తోటపని, బట్టలుతకడం... ఆ జాబితాలో మొట్టమొదటిది ఏంటో తెలుసా? పారిశుద్ధ్యం. ఊడవడం, కడగడం, దుమ్ము దులపడం, అన్ని రకాల చెత్త ఎత్తడం.

ఈ జాబితాని మన వీధుల మీద పెట్టి చూడండి. చెత్త ఎవరెత్తుతారు? బట్టలెవరు ఉతుకుతారు? బరువులెవరు మోస్తారు? ఊళ్లో ఏ పనికి ఏ వీధో ఎప్పుడో రాసిపెట్టారు. దాన్నే మళ్లీ గెజిట్‌లో రాశారు. కులం అనే మాట ఎక్కడా లేదు, అవసరం కూడా పడలేదు. కార్మిక సంఘాల పెద్దలు ఇది ప్రపంచీకరణ అన్నారు, సరే, నిజమే. కానీ ప్రపంచీకరణకి మా రెల్లి వీధి అడ్రసు ఎవరిచ్చారు?

అదే జాబితా దాదాపు అదే వరసలో 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లోకి ఎక్కింది. 2025 నవంబరు 21న దేశమంతటా అమల్లోకి వచ్చిందదే. మన గ్రూపుల్లో పండగ చేసుకుంటున్న "ముఖ్యమైన పనుల్లో కాంట్రాక్టు రద్దు" అదే. ఇంకోటి. పాత చట్టం 20 మంది కాంట్రాక్టు కూలీలుంటే వర్తించేది, ఇప్పుడు 50 మంది ఉండాలి. చోడవరం లాంటి చోట యాభై మంది ఊడ్చేవాళ్లని పెట్టుకునే కాంట్రాక్టరు ఎంతమంది? అపాయింట్‌మెంట్ లెటర్ వస్తుంది, నిజమే. ఎవరి పేరు మీద వస్తుందో చూసుకోండి.

ఈ జాబితా రాసినవాళ్లకి ఒక విషయం గుర్తు చెయ్యాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో పారిశుద్ధ్యం "పబ్లిక్ యుటిలిటీ సర్వీసు". అంటే ప్రజలకు అంత ముఖ్యమైన పని కాబట్టి 14 రోజుల ముందు నోటీసు ఇవ్వకుండా సమ్మె చెయ్యకూడదు. సమ్మె చేస్తే ముఖ్యమైన పని. జీతం అడిగితే ముఖ్యమైన పని కాదు. ఇదెక్కడి తూకం బాబూ?

అయితే ఆ జాబితాలో ఒక చిన్న సందు ఉంది, మనవాళ్లు ఎవరూ గట్టిగా పట్టుకోవడం లేదు. "ఆ సంస్థ ఆ పని కోసమే పెట్టినది కాకపోతే" ఇవి అసలు పనులు కావు అని రాశారు. మరి మునిసిపాలిటీ, పంచాయతీ ఎందుకు పెట్టినట్టు? 1994 పంచాయతీరాజ్ చట్టం పంచాయతీ చెయ్యాల్సిన విధులు వరసగా చెప్తుంది. వీధులు శుభ్రం చెయ్యడం, చెత్తకుప్పలు తియ్యడం, మురుగు పోయేలా చూడడం అందులో ఉన్నాయి. చక్కెర ఫ్యాక్టరీకి ఊడవడం పక్కపని అని వాదించు, వింటాను. పంచాయతీకి అది పక్కపని ఎలా అవుతుంది? చెత్త ఎత్తడం తీసేస్తే పంచాయతీ ఆఫీసులో మిగిలేది కుర్చీలూ సర్పంచి బోర్డూ.

చక్కెర ఫ్యాక్టరీ ఉన్న ప్రాంతం కాబట్టి పర్మనెంటు, సీజనల్, ఎన్.ఎం.ఆర్. అనే మాటలు మా దగ్గర చిన్నపిల్లలకీ తెలుసు. చీపురు పట్టినవాళ్లకి మాత్రం ఈ మూడూ రాలేదు, బిరుదులొచ్చాయి. పల్లెల్లో చెత్త ఎత్తేవాళ్లని గ్రీన్ అంబాసిడర్లు అన్నారు. ప్రభుత్వం మారితే క్లాప్ మిత్రలు అన్నారు. కరోనాలో యోధులు అన్నారు, మెడలో దండలేశారు. అంబాసిడర్‌కి ఇచ్చేది జీతం కాదు, నెలకు 6,000 "గౌరవ వేతనం". ఆ మాటని తేలిగ్గా తీసుకోకండి. జీతం అంటే దానికి కనీస వేతనం ఉంది, పీఎఫ్ ఉంది, బకాయి పెడితే అడిగే చోటు ఉంది. గౌరవం ఎన్ని నెలలు బకాయి పెట్టినా ఏ ఆఫీసుకెళ్లి అడుగుతావు?

పట్టణాల్లో 2020 జులైలో ఆప్కాస్ వచ్చింది. దళారీ కాంట్రాక్టరు పోయాడు, కొంత మేలే, కాదనను. జీతం నేరుగా బ్యాంకులో పడింది. కానీ యజమాని స్థానంలో ఒక కార్పొరేషన్ కూర్చుంది. సంక్షేమ పథకానికి వెళ్తే "మీరు ప్రభుత్వ ఉద్యోగులు, అర్హత లేదు" అని కంప్యూటర్ చెప్పింది. పర్మనెంటు అడిగితే "మీరు ఔట్‌సోర్సింగ్, ప్రభుత్వ ఉద్యోగులు కారు" అని అదే ప్రభుత్వం చెప్పింది. 2023 డిసెంబరు 26న మునిసిపల్ కార్మికులు సమ్మెకి దిగి సంక్రాంతి ముందు దాకా రోడ్ల మీద కూర్చున్నారంటే, జీతం ఒక్కటే కాదు, ఈ రెండు నాలుకల మాట కూడా కారణం. అదే 2023లో రాష్ట్రం కాంట్రాక్టు ఉద్యోగుల క్రమబద్ధీకరణ చట్టం చేసింది. ఆఫీసు నేరుగా తీసుకున్న కాంట్రాక్టు ఉద్యోగులకే అది. ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్లకి కాదు. మధ్యలో ఒక కాగితం పెడితే మనిషి ఎంత దూరం జరిగిపోతాడో చూడండి.

2025 ఏప్రిల్‌లో ఎస్సీ వర్గీకరణ ఆర్డినెన్సు వచ్చింది. మా రెల్లి, ఉపకులాలు మొత్తం పన్నెండింటికి 1 శాతం. ఆ 1 శాతం మంచిదే, మాకంటూ లెక్క రావాలని మా పెద్దలు ఎన్నాళ్లో అడిగారు. కానీ ఆ శాతం పర్మనెంటు పోస్టుల్లో. మా చేతిలో ఉన్న పనిలో పర్మనెంటు పోస్టులు లేకుండా చేసి, లేని పోస్టుల్లో 1 శాతం ఇచ్చారు.

ఇక్కడ నాకు రెండు వైపుల నుంచీ తిట్లు వస్తాయి, తెలుసు. ఒక వైపు: "పర్మనెంటు చేస్తే పని చెయ్యరండీ, డబ్బెక్కడిది?" డబ్బు మాట చెప్తాను. ప్రైవేటు సంస్థ ఏజెన్సీ ద్వారా మనిషిని తీసుకుంటే ఏజెన్సీకి కమిషన్ ఇస్తుంది, బిల్లు మీద 18 శాతం జీఎస్టీ కడుతుంది. మనిషిని నా మనిషి కాదని చెప్పుకోవడానికి అదనంగా ఖర్చు పెడుతుందన్నమాట. పొదుపు అని నాకు చెప్పకండి.

రెండో వైపు మనవాళ్లు. పారిశుద్ధ్యం కాంట్రాక్టుల్లో ఎస్సీలకి వాటా కావాలని తిరిగే మన నాయకులు. వాటా అడగడం తప్పు కాదన్నా. కానీ నీ పేరు మీద కాంట్రాక్టు తీసుకుని, మన వదినకే పీఎఫ్ కట్టకుండా, అంబేడ్కర్ జయంతికి నీలం కండువా కప్పుకుని నా పక్కన నిలబడితే నేనేం మాట్లాడాలి? 1935లో బొంబాయిలో మునిసిపల్ కార్మికులకు సంఘం పెట్టినాయన ఫొటో అది. ఇద్దరు ముగ్గురికి ఇది తగులుతుంది. తగలనివ్వండి.

సరే, చెల్లెమ్మా. సోమవారం రేపే. నీకు చెప్పాల్సింది చెప్తాను.

ఆ కాగితం మీద నువ్వు సంతకం పెట్టినా నువ్వు కాంట్రాక్టరు అయిపోవు. కోర్టు కాగితం పేరు చూడదు, పని ఎలా జరుగుతోందో చూస్తుంది. కనీస వేతనం హక్కు వదులుకుంటున్నానని రాసిస్తే ఆ రాత చెల్లదని పాత కనీస వేతనాల చట్టంలోనే ఉంది. 1982లో ఏషియాడ్ కేసులో సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్లింది. కనీస వేతనం కన్నా తక్కువకి చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన వెట్టి అంది. అక్కడా మధ్యలో కాంట్రాక్టర్లే ఉన్నారు. వాళ్లని చూపించి తప్పుకోవడం కుదరదని ప్రభుత్వానికి చెప్పింది. పని పోతుందన్న భయంతో సంతకం పెట్టావని నిన్నెవరూ తప్పు పట్టరు, నేనసలు పట్టను. పెడితే తేదీ వెయ్యి, ప్రతి పేజీ ఫొటో తీసుకో, ఒక కాపీ అడుగు. పెట్టనంటావా, ఒంటరిగా అనకు. అక్కడ మీరు పద్నాలుగు మంది ఉన్నారన్నావు. పద్నాలుగు మందీ కలిసి, దీన్ని తెలుగులో ఇవ్వండి, చదివించుకుని చెప్తాం అనండి. అడగడానికి అది చిన్న మాట, కాదనడం వాళ్లకి కష్టం.

ఆ వాట్సాప్ గ్రూపులోంచి బయటికి రాకు. డ్యూటీ వేసిన మెసేజీలన్నీ స్క్రీన్‌షాట్ తీసి ఇంకో ఫోనుకి పంపు. నిన్ను ఎవరు నడిపిస్తున్నారో చెప్పే సాక్ష్యం అదే. యూనిఫాంలో, ఐడీ కార్డుతో ఫొటో. బ్యాంకు పాస్‌బుక్కులో జీతం పడిన పేజీలు. పది మంది పైన ఉన్న చోట ఈఎస్ఐ, ఇరవై మంది పైన ఉంటే పీఎఫ్. మీ పద్నాలుగు మందినే కాదు, నర్సులు, గుమస్తాలు అందర్నీ కలిపి లెక్క పెట్టాలి. ఏజెన్సీ కట్టకపోతే పని చేయించుకున్న అసలు యజమాని కట్టాలి. లాయరు ఫీజుకి భయపడకు. ఎస్సీ అయినా, ఆడమనిషి అయినా ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. నీకు రెండు విధాలా ఉంది. చోడవరం కోర్టులో న్యాయసేవల కమిటీకి తెల్లకాగితం మీద అర్జీ రాస్తే చాలు.

ఇంకొక్క మాట. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టులో ఒక కేసు తేలింది. ఫరీదాబాద్‌లో కేంద్ర జల సంఘం ఆఫీసులో ఏళ్ల తరబడి పార్ట్‌టైము కింద ఊడ్చిన ఆడవాళ్లు, ఒక తోటమాలి. 2018లో తీసేసి ఆ పనిని బయటివాళ్లకి ఇచ్చేశారు. వాళ్లని పర్మనెంటు చెయ్యమంది కోర్టు. మిమ్మల్ని తీసేసి అదే పని ఇంకొకరికి ఇచ్చారంటే ఆ పని అవసరమేనని మీరే ఒప్పుకున్నట్టు కదా అంది. కేసు పేరు జగ్గో వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా. చీపురు పట్టిన ఒకామె పేరు మీద ఇకనుంచి లాయర్లు వాదిస్తారు. సెయిల్ తీర్పు అలాగే ఉంది, జాబితా అలాగే ఉంది, అన్ని ఆఫీసుల్లో ఇలా జరగదు. కానీ ఇరవై ఏళ్లకైనా ఇది జరిగింది.

మా అమ్మకి ఈ కేసు చదివి చెప్పాను. అంతా విని, "ఆళ్లు సీపుర్లు ఎవలివి వాడేవోరో?" అని అడిగింది. తీర్పులో అది రాయలేదు అమ్మా అన్నాను.

వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి మా వీధి రామాలయం వెనక అరుగు మీద కూర్చుంటాం. హౌస్‌కీపింగ్, స్వీపింగ్, సెక్యూరిటీ, పంచాయతీ చెత్త బండి, ఎవరైనా రావచ్చు. కాగితాలు తెచ్చుకోండి. పీఎఫ్ నంబరు ఉంటే అది, లేకపోతే లేదని రాసుకుని రండి. కొటేషన్ల మీద వేలిముద్రలు వేసిన పాతవాళ్లుంటే వాళ్లని చెయ్యిపట్టుకుని తీసుకురండి. మా అమ్మ తన ట్రంకు పెట్టె కాగితాలు తెస్తానంది.

శ్మశానం దారి సంగతి పదిహేనో భాగంలో. జై భీమ్.